జత కోతకు లివర్ రంపం: ఎవరికి అవసరం, ఎవరికి అనవసరం

చేతితో నగలు చేసేవారికి ఒక లోలాకును కోయడం కష్టమైన పని కాదు. దానికి జోడీగా రెండోదాన్ని, పక్కపక్కన పెట్టి చూసినా తేడా కనిపించనంత సరిగ్గా కోయడమే అసలు పని. అందుకోసం రెండు రేకులను ఒకదాని మీద ఒకటి అతికించి కలిపి కోస్తారు; అదే జత కోత. ఆ పనికి లివర్ బిగింపు ఉన్న అల్యూమినియం రంపం ఎంతవరకు సాయపడుతుందో, దాని మీద పెట్టే ఖర్చు ఎవరికి గిట్టుబాటవుతుందో ఈ సమీక్షలో వివరిస్తాను. ఈ తరహా రంపాలను ఒకటి కంటే ఎక్కువ సంస్థలు తయారుచేస్తున్నాయి కనుక, ఏదో ఒక పేరుకు పరిమితం కాకుండా ఆ నిర్మాణానికే వర్తించేలా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. లోపల కిటికీలు (ఆకారం మధ్యలో కోసి తీసే ఖాళీలు), జాలీ పని ఉన్న జతలను తరచుగా కోసేవారికి ఈ రంపం పెట్టిన ఖర్చును రాబడుతుంది. చుట్టూ అంచు మాత్రమే కోసే సాదా ఆకారాలకు పాత పద్ధతి సర్దుబాటు చట్రం చాలు. ఎందుకంటే రెండు ముక్కలు ఒకేలా రావడం అన్నది చట్రం మీద కంటే, రేకులను ఎలా జతపరిచారు, ఏ బ్లేడు ఎక్కించారు అన్న వాటి మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. చట్రం వంతు ఉన్నది నిజమే గానీ, ప్రకటనలు చెప్పేంత కాదు.

పాత పద్ధతి చట్రానికి ఉక్కు వెన్ను, దాని మీద ముందుకూ వెనక్కూ జరిగే ఒక చేయి, బిగించడానికి రెక్కల మరలు ఉంటాయి. బ్లేడు పళ్ళు పిడి వైపుకు వాలి ఉండేలా పై కొసను బిగించి, పిడిని ఛాతీకి ఆనించి చట్రాన్ని బల్ల అంచుకు నొక్కి, అది కొద్దిగా వంగి ఉన్నప్పుడే కింది కొసను బిగించాలి. ఒత్తిడి వదిలేసరికి చట్రం విచ్చుకుని బ్లేడును లాగి పట్టుకుంటుంది. సరిగ్గా బిగిసిన బ్లేడును గోటితో మీటితే సన్నగా, స్పష్టంగా మోగుతుంది. మొద్దుగా పలికితే బిగువు చాలలేదని అర్థం. స్వర్ణకారులు తరతరాలుగా ఇలాంటి చట్రాలతోనే అతి సున్నితమైన పని చేశారు కాబట్టి ఈ పద్ధతిని తక్కువ చేయడానికి వీల్లేదు. అయితే బిగువు ఎంత వస్తుందన్నది ఆ క్షణంలో మనం నొక్కిన నొక్కును బట్టి ఉంటుంది, అందువల్ల ప్రతిసారీ ఒకేలా ఉండదు.

లివర్ రంపంలో చట్రాన్ని వంచే పని లేదు. లివర్ తెరిచి, బ్లేడు రెండు కొసలనూ పట్టుల్లో బిగించి, లివర్ మూస్తే బ్లేడు బిగుస్తుంది. ఎంత బిగువు కావాలో ఒక మరతో ముందే నిర్ణయించి పెట్టుకోవచ్చు. చట్రాన్ని మందమైన అల్యూమినియం మిశ్రమలోహపు పలకలో నుంచి, మధ్యమధ్య త్రిభుజాకారపు ఖాళీలు వదిలి కోసి చేస్తారు. దానివల్ల బరువు తగ్గుతుంది, అదే సమయంలో చట్రం పక్కకు మెలితిరగదు. చేతిలోకి తీసుకోగానే తెలిసే తేడా బరువే. ఎక్కువసేపు కోసేవారి మణికట్టుకు ఇది చిన్న విషయం కాదు. నిజంగా విలువైనది మాత్రం రెండో గుణం: రంపం దించుతున్నప్పుడు బ్లేడు తన తలంలోనే ఉంటుంది.

జత కోతలో దీని ప్రాధాన్యం ఎంతో లెక్క వేసి చూడటం మంచిది. 20 గేజి రేకు మందం సుమారు 0.81 మిల్లీమీటర్లు. అలాంటి రేకులు రెండు ఒకదాని మీద ఒకటి పెడితే దొంతి మందం 1.62 మిల్లీమీటర్లు అవుతుంది. బ్లేడు నిట్టనిలువుగా కాక 3 డిగ్రీలు పక్కకు వాలి ఉంటే, పై రేకు పై ముఖానికీ కింది రేకు కింది ముఖానికీ మధ్య గీత సుమారు 0.085 మిల్లీమీటర్లు జరుగుతుంది. కోత పొడవునా ఆ వాలు ఆకారం లోపలికో బయటికో ఒకే తీరుగా ఉంటే, కింది ముక్క చుట్టూరా కొంచెం పెద్దదిగానో చిన్నదిగానో తయారవుతుంది. రెండు రేకుల దొంతిలో ఈ తేడా ఆకురాయి పట్టినప్పుడు పోయేదే. నాలుగు రేకులు పేర్చినప్పుడు మాత్రం అది పోగుపడి కంటికి కనిపించే స్థాయికి వస్తుంది. కాబట్టి వంగని చట్రం వల్ల వచ్చే లాభం దొంతి మందంతో పాటు పెరుగుతుంది. ఒక్క జతే కోసేవారికి అది స్వల్పం, ఒకే ఆకారాన్ని ఎక్కువ రేకుల్లో ఒకేసారి తీయాలనుకునేవారికి గణనీయం. పైగా, వాలుకు చట్రం ఒక్కటే కారణం కాదు. కుర్చీ ఎత్తు సరిగా లేక బెంచ్ పిన్ (కోసేటప్పుడు రేకును ఆనించే, బల్ల అంచుకు బిగించిన చెక్క) ఛాతీ ఎత్తుకు రాకపోతే ముంజేయి తనంతట తానే పక్కకు ఒరుగుతుంది, అప్పుడు ఎంత ఖరీదైన చట్రమైనా వాలుగానే కోస్తుంది.

బ్లేడు ఎంపిక విషయంలో జత కోత మనకు ఒక చిన్న సదుపాయం చేస్తుంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నగల రంపపు బ్లేడ్ల పొడవు సుమారు 130 మిల్లీమీటర్లు. వాటి అంకెల్లో సున్నా ముందు ఉన్న సంఖ్య పెరిగేకొద్దీ బ్లేడు సన్నబడుతుంది: 2/0 బ్లేడు మందం సుమారు 0.26 మిల్లీమీటర్లు, 4/0 సుమారు 0.22, 6/0 సుమారు 0.18, 8/0 సుమారు 0.16. పళ్ళు కూడా అదే క్రమంలో దగ్గరవుతాయి. తయారీదారుని బట్టి కొద్దిగా మారినా, అంగుళానికి 2/0లో 56, 4/0లో 66, 6/0లో 76 వరకు ఉంటాయి. కోస్తున్న లోహం మందంలో ఎప్పుడూ కనీసం రెండు మూడు పళ్ళు ఉండాలన్నది పాత సూత్రం. అంతకంటే తక్కువ ఉంటే రేకు అంచు రెండు పళ్ళ మధ్య ఇరుక్కుని, బ్లేడు తటాలున ఆగి విరుగుతుంది.

ఇప్పుడు 24 గేజి రేకును తీసుకుందాం. దాని మందం 0.51 మిల్లీమీటర్లు మాత్రమే కనుక, ఒంటరిగా కోస్తే 8/0 బ్లేడుకు కూడా పట్టుమని రెండు పళ్ళు ఆనవు. రెండు రేకులను అతికిస్తే మందం ఒక మిల్లీమీటరు దాటుతుంది, అప్పుడు 4/0 బ్లేడుకు రెండున్నర పళ్ళకు పైగా ఆనుతాయి. వెంట్రుకంత సన్నని బ్లేడుతో భయపడుతూ కోయాల్సిన పలుచని రేకును, దొంతిగా చేయడం వల్ల కాస్త గట్టి బ్లేడుతో నిశ్చింతగా కోయవచ్చు. 20 గేజి రేకుల జతకు 2/0 బ్లేడు హాయిగా సరిపోతుంది. సన్నని వంపులు ఎక్కువగా ఉంటే 4/0 ఎక్కించాలి. ఇంతకంటే సన్నని బ్లేడును మందమైన దొంతిలో దించితే పళ్ళ సందుల్లో రజను నిండి, కోత నత్తనడక నడుస్తుంది, చేయి తెలియకుండానే నొక్కడం మొదలుపెడుతుంది, ఆ నొక్కుడుకు బ్లేడు విల్లులా వంగి కింది ముక్క ఆకారం చెడుతుంది.

బ్లేడ్ల నాణ్యత గురించి కూడా ఒక మాట. చౌక బ్లేడ్లలో పళ్ళు ఒక వైపు పదునుగా, రెండో వైపు మొద్దుగా ఉండటం భూతద్దం కింద చూస్తే తెలుస్తుంది. అలాంటి బ్లేడు గీత మీద నిలవక ఎప్పుడూ ఒకే పక్కకు లాగుతుంది. ఖరీదైన చట్రం కొని దానికి నాసిరకం బ్లేడ్లు ఎక్కించడం కంటే, మామూలు చట్రానికి మంచి బ్లేడ్లు ఎక్కించడం ఎంతో తెలివైన పని. డబ్బు ఒక చోటే పెట్టగలిగితే బ్లేడ్ల మీద పెట్టమంటాను.

రేకులను జతపరిచే విధానం దగ్గరికి వస్తే, ఇక్కడే జత కోత గెలుస్తుంది లేదా ఓడుతుంది. ముందుగా రెండు రేకులూ పూర్తిగా చదునుగా ఉండాలి. ఉక్కు దిమ్మె మీద పెట్టి తోలు లేదా నైలాన్ సుత్తితో తట్టి చదును చేయాలి. ఇనుప సుత్తి వాడితే మచ్చలు పడటమే కాక రేకు అక్కడక్కడా సాగుతుంది. తర్వాత జిడ్డు పోయేలా తుడిచి, అంచుల గరుకు తీసేయాలి. మధ్యలో ఒక చిన్న పొలుసు ఉన్నా రేకుల నడుమ సందు మిగిలి, బ్లేడు ఒక రేకు నుంచి రెండోదానిలోకి దిగేటప్పుడు తడబడుతుంది.

అతికించడానికి చాలామంది కాగితపు టేపును దొంతి చుట్టూ చుట్టి పని మొదలుపెడతారు. ఇది చూడటానికి సులువుగా ఉంటుంది గానీ దీనిలో ఒక మౌలిక లోపం ఉంది: టేపు పట్టుకునేది బయటి వృథా భాగాన్ని మాత్రమే. కోత ముందుకు సాగేకొద్దీ మనకు కావలసిన ముక్కకూ ఆ అంచుకూ సంబంధం తెగిపోతుంది, చివరి పావు వంతు కోసేటప్పటికి రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి జారడం మొదలుపెడతాయి. సరిగ్గా ఆ చివరి పావు వంతులోనే జత పాడవుతుంది. కాబట్టి అతుకు ఆకారం లోపల ఉండాలి, బయట కూడా ఉండాలి.

రెండు వైపులా అంటుకునే టేపును ఆకారం మొత్తం మీద పరిస్తే పట్టు బాగుంటుంది, కానీ దాని జిగురు బ్లేడు పళ్ళకు పూసుకుని కోతను బరువు చేస్తుంది. వీటన్నిటిలో నాకు నచ్చింది సూపర్ గ్లూ. ఆకారం మధ్యలోనూ, చుట్టూ వృథా భాగంలోనూ చిన్న చిన్న చుక్కలు వేసి, రెండు చదునైన పలకల మధ్య నొక్కి ఉంచితే పలుచని పొర ఏర్పడుతుంది. రేకులు పక్కకు జారకుండా అది గట్టిగా పట్టుకుంటుంది. అంచు నుంచి చీల్చినట్టు లాగితే మాత్రం ఊడి వస్తుంది కనుక, బెంచ్ పిన్ మీద దొంతిని ఎప్పుడూ వేళ్ళతో కిందికి అదిమి పట్టుకోవాలి. సీసం, తగరం కలిసిన మెత్తని టంకంతో అంచులను అతికించే పద్ధతి కూడా ఒకటి ఉంది. వెండి పనిలో దాని జోలికి పోవద్దు. ఆ టంకం జాడ ఏ మాత్రం మిగిలినా, తర్వాత వెండి టంకం కోసం వేడి చేసినప్పుడు అది లోహంలోకి తినుకుపోయి గుంటలు పడతాయి.

కోత మొదలుపెట్టకముందే చేయవలసిన పని ఒకటి ఉంది, అది జత కచ్చితత్వాన్ని రెట్టింపు చేస్తుంది. కొక్కెం తగిలించే రంధ్రాన్ని అతికించిన దొంతిలోనే రెండు రేకులకూ కలిపి డ్రిల్ చేయాలి. తర్వాత ముక్కలు విడిపోయినా ఆ రంధ్రాల్లో సరిపడే తీగ ముక్కను దూర్చి మళ్ళీ సరిగ్గా అదే స్థానంలో పేర్చవచ్చు. ఆకారంలో ఇంకెక్కడైనా రెండో రంధ్రం ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే ఒక్క తీగ చుట్టూ ముక్కలు తిరగగలవు, రెండు తీగలుంటే కదలవు. నమూనా కాగితం కూడా దొంతి పైన ఒక్కటే అంటించాలి. రెండు రేకులకు రెండు కాగితాలు అంటించి విడివిడిగా కోస్తే, ఎంత నేర్పున్న చేయైనా రెండు వేర్వేరు ముక్కలనే తీస్తుంది.

రంపాన్ని గీత మీద కాక గీతకు బయట, దాన్ని ఆనుకుని నడిపించాలి. మిగిలిన సన్నని అంచును దొంతి విడదీయకముందే ఆకురాయితో గీత వరకు తేవాలి. రెండు ముక్కలకూ కలిపి ఆకురాయి పట్టడంలోనే జత పూర్తవుతుంది. రంపపు కోతలో వచ్చిన కొద్దిపాటి వాలు, ఎగుడుదిగుడులు రెండింటిలోనూ ఒకేసారి పోతాయి. బ్లేడు వెన్నుకు అప్పుడప్పుడు తేనెమైనం రాస్తే కోత తేలిగ్గా సాగుతుంది. పళ్ళకు దట్టంగా పట్టిస్తే మాత్రం రజనుతో కలిసి ముద్ద కట్టి, మేలుకు బదులు కీడు చేస్తుంది.

విడదీయడానికి అసిటోన్‌లో నానబెట్టడం మామూలు పద్ధతి. ద్రవం అంచుల నుంచే లోపలికి పాకాలి కనుక వెడల్పైన ముక్కలు విడిపోవడానికి చాలా సమయం పడుతుంది. లోపల జాలీ ఉన్న ముక్కలు త్వరగా విడిపోతాయి. ఆత్రపడి కత్తి మొన దూర్చితే రేకు వంగుతుంది. అసిటోన్ సులువుగా అంటుకునే ద్రవం, దాని గిన్నె మంట పెట్టే బల్లకు దూరంగా, మూత పెట్టి ఉండాలి. వేడి చేసినా సూపర్ గ్లూ పట్టు వదులుతుంది గానీ, అప్పుడు వచ్చే పొగ కళ్ళను, ముక్కును మండిస్తుంది. గాలి బాగా ఆడే చోట తప్ప ఆ పని చేయకూడదు.

జత అన్నప్పుడు రెండు రకాలున్నాయని మరిచిపోకూడదు. ఒక వైపుకు వంగిన ఆకు ఆకారం కావాలనుకోండి. రెండు చెవులకూ అది ఒకే వైపు వంగి ఉండాలా, లేక అద్దంలో ప్రతిబింబంలా ఎదురెదురుగా ఉండాలా అన్నది అతికించకముందే తేల్చుకోవాలి. సాదా రేకులైతే ఇబ్బంది లేదు, కోసిన తర్వాత ఒకదాన్ని తిప్పి పెట్టుకుంటే ప్రతిబింబం వస్తుంది. రేకు మీద ముందే అచ్చు లేదా చెక్కడపు నగిషీ ఉంటే ఆ స్వేచ్ఛ ఉండదు. నగిషీ ముఖాలు రెండూ పైకే ఉండేలా పేరిస్తే రెండు ముక్కలూ ఒకే వైపుకు తిరుగుతాయి. వీపులు కలిపి నగిషీ ముఖాలు బయటికి ఉండేలా పేరిస్తే ఎదురెదురు జత వస్తుంది. రోలర్ల మధ్య నొక్కి వేసే నగిషీ రేకును సాగదీస్తుంది కాబట్టి దాన్ని కోతకు ముందే వేయాలి. గిన్నెలా ఉబ్బెత్తుగా కొట్టడం మాత్రం కోత, ఆకురాయి పని పూర్తయ్యాకే.

ఇక ఈ రంపం తన విలువను చూపించే చోటు, లోపలి కిటికీలు. ప్రతి కిటికీకీ ఒక రంధ్రం వేసి, బ్లేడు పై కొస వదులు చేసి, ఆ రంధ్రంలో దూర్చి, మళ్ళీ బిగించి, కోసి, మళ్ళీ విప్పాలి. జాలీ పనిలో ఈ తతంగం కోత కంటే ఎక్కువ సమయం తింటుంది. పాత చట్రంతో ప్రతిసారీ ఛాతీతో నొక్కుతూ, ఒక చేత్తో దొంతిని పట్టుకుని, రెండో చేత్తో మర తిప్పాలి. ఆ తొందరలోనే బ్లేడ్లు ఎక్కువగా విరుగుతాయి. లివర్ రంపంలో బిగువు మర కదలదు కాబట్టి, దూర్చి, కొసను పట్టులో బిగించి, లివర్ మూస్తే మునుపటి బిగువే తిరిగి వస్తుంది. మొదటి కిటికీకీ చివరి కిటికీకీ బ్లేడు ఒకేలా ప్రవర్తిస్తుంది. కొన్ని నమూనాల్లో పట్టులు 45 డిగ్రీలు పక్కకు తిరుగుతాయి; పొడవైన పట్టీలను కోసేటప్పుడు చట్రం వెన్ను రేకుకు అడ్డం రాకుండా ఇది ఉపయోగపడుతుంది. లోలాకుల పనిలో దాని అవసరం అరుదు, దానికోసం అదనంగా ఖర్చు చేయనక్కరలేదు.

లోపాలు కూడా ఉన్నాయి. వీటిలో ముఖ్యమైనది, చట్రం పొడవు స్థిరంగా ఉండటం. సర్దుబాటు చట్రంలో విరిగిన బ్లేడు ముక్క కాస్త పొడవుగా ఉంటే, చేతిని దగ్గరికి జరిపి దాన్ని మళ్ళీ వాడుకోవచ్చు. లివర్ రంపంలో విరిగిన బ్లేడు చెత్తబుట్టకే. కొత్తగా నేర్చుకునేవారు బ్లేడ్లను ధారాళంగా విరుస్తారు, అది తప్పేమీ కాదు, కానీ వారికి పాత చట్రమే పొదుపు. రెండోది, బ్లేడు కొసలను పట్టే మరలు చిన్నవి. వాటిని అతిగా బిగిస్తే పట్టు ముఖాలు అరిగి, కొన్నాళ్ళకు బ్లేడు జారడం మొదలవుతుంది. విడి భాగాలు దొరుకుతాయో లేదో కొనేముందే విచారించుకోవాలి. మూడోది ఖర్చు: మామూలు చట్రానికి అయ్యేదానికి ఇది కొన్ని రెట్లు ఉంటుంది.

కోసిన జత ఎంత సరిగ్గా వచ్చిందో తేల్చడానికి కంటిని మాత్రమే నమ్మడం కంటే త్రాసును నమ్మడం మేలు. ఒకే రేకు నుంచి తీసిన రెండు ముక్కల మందం ఒకటే కనుక, బరువులోని తేడా నేరుగా వైశాల్యంలోని తేడానే చెబుతుంది. 92.5 శాతం వెండిలో, 20 గేజి మందంతో, 25 మిల్లీమీటర్ల వ్యాసమున్న బిళ్ళ బరువు సుమారు 4.12 గ్రాములు ఉంటుంది. చుట్టూరా అంచు 0.1 మిల్లీమీటరు పెరిగితే దాదాపు 0.065 గ్రాముల బరువు పెరుగుతుంది. గ్రాములో వందో వంతు చూపించే త్రాసుకు అది ఇట్టే దొరుకుతుంది. దొంతిగా కోసి, కలిపి ఆకురాయి పట్టిన ముక్కలు ఈ పరీక్షలో సులువుగా నెగ్గుతాయి, అవి పాత చట్రంతో కోసినవైనా సరే. విడివిడిగా కోసినవి లివర్ రంపంతో కోసినా తరచుగా తప్పుతాయి. బిళ్ళల బరువు సరిపోయినా వంపుల ఆకారాలకు ఆ ఒక్క పరీక్ష చాలదు. రంధ్రాల్లో తీగ దూర్చి, ఒకదాని మీద ఒకటి పేర్చి, వెలుతురుకు ఎదురుగా పట్టి అంచుల వెంట చూడాలి.

కొనదలచినవారు చట్రం లోతు విషయంలో ఆశపడకూడదు. బ్లేడుకూ చట్రం వెన్నుకూ మధ్య దూరాన్నే లోతు అంటారు. సాధారణంగా 3, 5, 8 అంగుళాల్లో దొరుకుతుంది. లోతు పెరిగేకొద్దీ బరువూ పెరుగుతుంది, పక్కకు ఊగే గుణమూ పెరుగుతుంది. చెవి లోలాకులు, చిన్న పతకాల జతలకు 3 అంగుళాలది చాలు, 5 అంగుళాలదైతే వెడల్పైన రేకు మధ్యలో నుంచి కూడా ముక్కలు తీయవచ్చు. పెద్ద పళ్ళేల వంటివి కోసేవారికి తప్ప 8 అంగుళాలది వద్దు.